రాతరాయి మీద పసుపు

రాజపాళయం,
జూన్ 9, సోమవారం

ప్రియమైన నైనాకు,

ఈ ఉదయం పడమటి పొట్టల్ బయలులో ఆరబెట్టిన ఆసుపత్రి కట్టుగుడ్డ మీద కుక్క అడుగులు ఎర్రగా పడి ఉన్నాయి. ఆరేసే కర్రలు చాలక సంగిలి మామ ఒక వరస గుడ్డను తార్పాలిన్ మీద పరిచారు. దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు కుక్క నడిచి వెళ్ళింది. ఎక్కడా తొందరపడినట్టు లేదు.

పొట్టల్‌ది నల్లమన్ను కదా, ఈ ఎరుపు ఎక్కడిదా అని చూశాను. గట్టుకు అవతల రెండు లారీల ఎర్ర గ్రావెల్ పోసి ఉంది.

మామ ఆ గుడ్డను చుట్టి పక్కన పడేశారు. ఎర్ర మరక ఉన్న కట్టుగుడ్డను ఏ ఆసుపత్రీ తీసుకోదు. ఒకసారి కట్టి విప్పిందనుకుంటారు.

నిన్న ఆదివారం ఫోనులోనే పొట్టల్ సంగతి చెప్పాలనుకున్నాను. మిల్లు హోరుకు మీ చెవులు సగం పోయాయి. మిగతా సగం అవ్వ తీసుకుంటుంది. అందుకే రాస్తున్నాను.

సత్రపట్టి దారిలో ఊరు ముగిసే చోట ఉన్న మన బయలులో ఇళ్ళ ప్లాట్లు వేస్తారట. కాగితాల ప్రకారం ఆ నేల బజారులో పాత్రల అంగడి రామకృష్ణన్ చెట్టియార్‌ది. ఆయన మదురై కంపెనీ ఒకదానితో ఒప్పందం చేసుకున్నారు. బోర్డు కూడా పెట్టేశారు. 'మలైచారల్ నగర్, నూట ఎనభై ప్లాట్లు.' పేరులోని కొండజల్లుకు తగ్గట్టు బోర్డు మీద కొండ ఉంది, మబ్బు ఉంది, ఒక ఈత కొలను ఉంది. మన పొట్టల్‌లో ఈత కొట్టేంత నీళ్ళు నేను ఎప్పుడూ చూడలేదు.

పడమటి వీధిలో ముప్పై ఇళ్ళవాళ్ళు గుడ్డ ఆరబెట్టేది అక్కడే. నేల పోతే సరే, పోకపోయినా పక్కన గ్రావెల్ రోడ్డు వేస్తే చాలు. గాలికి దుమ్ము లేస్తుంది, గుడ్డ ఎర్రబడుతుంది. తడిగుడ్డను ఇంట్లో ఆరబెడితే ముక్కవాసన. అది కూడా ఆసుపత్రికి పనికిరాదు.

నిన్న సాయంత్రం సంగిలి మామ మన అరుగు మీద కూర్చున్నారు.

"పాపా, పట్టా యాడుందని ఆఫీసులో అడుగుతా ఉండారు. మన పట్టా పొట్టల్‌లో ఉండే రాతరాయి మీదనే ఉంది గదా. మీ నైనా ఆ పండగనాడు వేలు పెట్టి చదివినాడు, వీధంతా విన్నది. సూర్యచంద్రులు ఉన్నంత కాలం ఈ నేల మన పశువులకు, మన బిడ్డలకు అని. తహసీల్దారు విచారణకు వస్తుంది. ఆమె ముందర నువ్వు చదివేసెయ్. అంతేదాన్."

"నేనా మామా?"

"ఇంకెవరు? నాకు చదవను వచ్చుంటే ఈ గుడ్డలు యాల ఆరేస్తాను?"

అవ్వ లోపల నుంచి అంది, "దానికి నలుగురి ముందర నోరు పెగలదు సంగిలీ. స్కూల్లో లైబ్రరీ పని యాల ఎత్తుకున్నది? ఆడ మాట్లాడకూడదని బోర్డు ఉంటుంది గదా, దానికోసం."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నైనా, మన ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళు వీధికి వందమంది. చదివేవాళ్ళం మనిద్దరమే. ఆరేళ్ళ కిందట జక్కమ్మ పండక్కి వచ్చినప్పుడు మీరు రాయి మీద చదివింది ఒక కాగితం మీద రాసి పంపండి. నా దగ్గర ఉంటే నాకు ధైర్యం.

అవ్వ దగ్గు తగ్గింది. అమ్మ మీకోసం మామిడికాయ ఎండబెడుతోంది.

మీ
జయప్రియ


గుంటూరు, మిల్లు క్వార్టర్స్,
జూన్ 17

బంగారు పాపకు నైనా రాసుకునేది,

నీ ఉత్తరం చేరింది. కుక్క దగ్గర నవ్వినాను, గ్రావెల్ దగ్గర నవ్వు ఆగింది.

ఇక్కడ ఎండ ఇంకా దిగలేదు. ఏడో నంబరు రింగ్ ఫ్రేము రోజుకొక బేరింగు తింటా ఉంది. నేను దాని కడుపులో తల పెట్టుకొని పడుకునేదే సరిపోతా ఉంది. కొత్తగా చేరిన పిల్లలు నా మాట విని, "ఏ ఊరు తాతా, అరవమా?" అంటారు. తెలుగే గదరా మాట్లాడతా ఉండేది అంటే ఇంకా నవ్వుతారు. అక్కడేమో తెలుగోళ్ళమని మనల్ని 'వడుగులు' అని తమిళవాళ్ళు నవ్వేది. పోనీ, రెండు తట్లా మనవల్ల నలుగురు నవ్వుతా ఉండారు.

నీ అక్షరాలు ఎంత గుండ్రంగా ఉండాయి పాపా! నీ మొదటి ఉత్తరంలో వరసకు మూడు తప్పులు. ఎర్రసిరాతో దిద్ది పంపినాను, గుర్తుందా? ఇప్పుడు నేనే నీ ఉత్తరం చూసి నా తప్పులు దిద్దుకుంటా ఉన్నాను. బిడ్డకు అక్షరాలు నేర్పినానని ఇక్కడ అందరికీ చెప్పుకుంటాను. మా నాయన వేలిముద్ర వేసినవాడు గదా.

రాయి సంగతి. నేను చదివింది అవ్వకు నోటికి వచ్చు. ఆమెను అడిగి రాసుకో. అదే చదివేసెయ్. ఆ రాయి పాతది, అరిగిపోయింది. ఒక్కొక్క అక్షరం పట్టుకొని నువ్వు తంటాలు పడవద్దు. మన పొట్టల్ మనది. నీ కంటే ముందు నేను, నాకంటే ముందు మా నాయన అక్కడ పశువులు మేపినాము. ఇంకొక రెండేళ్ళలో మిల్లు విడిచి వచ్చి ఆ కర్రల నీడలో కూర్చునేదే నా ఆశ. ఊళ్ళో నన్ను ఇప్పటికీ 'రాయి చదివిన శంకరలింగం' అంటారంట, సంగిలి చెప్పినాడు.

గుంపులో మాట్లాడేటప్పుడు నీళ్ళు తాగి మొదలుపెట్టు. మామిడి వరుగులలో కారం తక్కువ వెయ్యమని అమ్మకు చెప్పు. కడుపు మునుపటిలాగా లేదు.

నీ ఉత్తరం కోసం చూసే
నైనా


రాజపాళయం,
జూన్ 29, ఆదివారం

ప్రియమైన నైనాకు,

విచారణ తేదీ వచ్చింది. జూలై 21, ఉదయం పది గంటలకు, పొట్టల్‌లోనే. తహసీల్దారు మేడమ్, సర్వేయర్, చెట్టియార్, కంపెనీవాళ్ళు వస్తారు. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఆధారాలతో రావాలట. అర్జీ నేనే రాశాను, తమిళంలో. ముప్పై ఇళ్ళవాళ్ళూ సంతకాలు చేశారు.

నిన్న అవ్వను వెంటబెట్టుకొని రాయి దగ్గరికి వెళ్ళాను. బకెట్టు నీళ్ళు, కొబ్బరిపీచు తీసుకున్నాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఏం చేస్తావే? సామిని తోముతావా?"

"చదవాలి కదా అవ్వా."

"సామిని చదువుతారా ఏమే? మొక్కుతారు."

ప్రతి శుక్రవారం తను పూసిన పసుపు. పొరలు పొరలుగా, కుడుము మీద పిండిలాగా ఉంది. ఆఖరికి అవ్వే కూర్చుని వేళ్ళతో తీసింది. నన్ను తియ్యనివ్వలేదు.

అప్పుడే వినోత్ బైకు మీద వచ్చాడు. మన వీధివాడే, ఇప్పుడు మలైచారల్ నగర్‌కు మనుషులను వ్యానులో తీసుకొచ్చి ప్లాట్లు చూపించి భోజనం పెట్టించే పని చేస్తున్నాడు.

"ఏం టీచరమ్మా, రాయికి ట్యూషన్ చెప్తా ఉండావా?"

అవ్వ అంది, "నీకు చెప్పి చెప్పి అలిసిపోయినారు గదరా వాద్యార్లు. ఇది మేలు, కదలకుండా వింటుంది."

వాడు నవ్వేసి ఒక కరపత్రం అవ్వ ఒళ్ళో పెట్టి వెళ్ళాడు. అవ్వ దానితో విసురుకుంది.

నైనా, రాయి అరగలేదు. పసుపు దాన్ని కాపాడింది. ఉన్నది ఉన్నట్టు కింద రాస్తున్నాను.

'విభవ సంవత్సరం మార్గశిర మాసం. అంగడి వెంగప్ప చెట్టి తన నేలలో నాటించిన రాయి. రాత్రి వాగు పొంగి ఇక్కడ నిలిచిన బండ్లవాళ్ళు ఏడుగురు పోయినారు. ఈ నేలలో పశువులు మేయవచ్చును. పగటివేళ బండ్లు నిలుపవచ్చును. మావాళ్ళు గాని పైవాళ్ళు గాని ఇల్లు కట్టరాదు.'

ఇంతే. నాలుగుసార్లు చూశాను. ఇందులో సూర్యచంద్రులు లేరు. మనవాళ్ళ పేరు లేదు. 'తన నేలలో' అని ఉంది.

ఇది చదివితే నేల చెట్టియార్‌దని మన నోటితో మనమే చెప్పినట్టు. చదవకపోతే, ఇంకేదైనా చదివితే, ఇది తప్పని చెప్పగలవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ లేరు. అది తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సరిగా పోవడం లేదు.

ఇంకొకటి. నేను ఇది చదివితే అందరూ మీ గురించి అడుగుతారు.

ఆ రోజు పసుపు మందంగా ఉండి ఉంటుంది. మీకు అన్ని అక్షరాలూ కనపడి ఉండవు. అవునా నైనా?

అవ్వకు ఇంకా చెప్పలేదు. "బాగా కనపడిందా?" అని అడిగింది. బాగా కనపడింది అన్నాను.

మీ
జయప్రియ


రాజపాళయం,
జూలై 9

ప్రియమైన నైనాకు,

ఉత్తరం చేరిందో లేదో తెలియలేదు. ఆదివారం ఫోనులో మీరు అవ్వతో రెండు మాటలు మాట్లాడి, ఫ్రేము ఆగిపోయిందని పెట్టేశారట. ఆదివారం మీకు సెలవు.

సంగిలి మామకు చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన చాలాసేపు కర్రకు కట్టిన తాడు ముడి విప్పుతూ కూర్చున్నారు.

"ఇంగెవరికైనా చెప్పినావా?"

"లేదు మామా."

"చెప్పవద్దు. పాపా, నేను నిన్ను అబద్ధం చెప్పమని అనలేదు. మీ నైనా చదివిందాన్ని నువ్వు మళ్ళా చదువు. అంతే. అది నీ అబద్ధం కాదు గదా. తప్పైతే ఆయన తప్పు, దూరంగా ఉండాడు, ఎవరడుగుతారు?"

ముప్పై ఇళ్ళ పొయ్యి ఆయన కళ్ళ ముందు ఉంది. నాకు కోపం రాలేదు. ఆయన భార్య తంగమ్మాళ్ అత్త ఆ రోజు గ్రావెల్ దుమ్ముకు భయపడి తడిగుడ్డను ఇంట్లో దండెం మీద ఆరేసి, రాత్రంతా ఫ్యాను పెట్టింది. పొద్దున వాసన చూసి మళ్ళీ నానబెట్టింది.

నేను మిమ్మల్ని మళ్ళీ అడగను. మీరు రాయాలనుకుంటే రాయండి. రాయకపోయినా కోపం లేదు. బేరింగుల దగ్గర చెయ్యి జాగ్రత్త.

మీ
జయప్రియ


గుంటూరు,
జూలై 13

పాపా,

రెండు ఉత్తరాలూ చేరినాయి. మొదటిది చొక్కా జేబులోనే పెట్టుకొని తిరుగుతా ఉన్నాను. ఆయిలు మరక కూడా పడింది.

నువ్వు నాకొక తలుపు తీసి పెట్టినావు. పసుపు మందంగా ఉండి ఉంటుంది అని రాసినావు. ఆ తలుపులోంచి బయటపడదామని పది రోజులు చూసినాను. కాగితం తీసేది, 'అవును పాపా, పసుపే' అని రాసేది, చించేది.

పసుపు కాదు. ఆ రోజు నాకు చదవను రాదు.

నిజం చెప్తున్నాను. అప్పుడు నాకు వచ్చింది బస్సు బోర్డులు మాత్రం. గుంటూరు, తెనాలి, చిలకలూరిపేట. బోర్డు చూసి సగం, కండక్టరు అరుపు విని సగం. ఒత్తు కనపడితే నా చదువు ఆగిపోయేది. కానీ ఊరికి వచ్చినాక టీ అంగట్లో అందరి ముందర చెప్పుకున్నాను, నేను తెలుగు నేర్చుకున్నాను అని. యాభై ఏళ్ళు దాటిన తరవాత నేర్చుకున్నాను, గొప్పే గదా. వెంటనే సంగిలి నన్ను రాయి దగ్గరికి లాక్కొని పోయినాడు. వెనకాల వీధంతా వచ్చింది.

వేలు పెట్టినాను. మూడు అక్షరాలు పట్టుకున్నాను. నాలుగోది రాలేదు. తల ఎత్తితే ఎదురుగా మీ అవ్వ. ఆమె పెదవులు కదులుతా ఉన్నాయి. నన్ను ఎత్తుకొని తిరిగిన కాలం నుంచి ఆమె చెప్పే మాటే, సూర్యచంద్రులు ఉన్నంత కాలం, మన పశువులకు, మన బిడ్డలకు. నా నోట్లోనుంచి అదే వచ్చింది. ఎట్లా వచ్చిందో తెలియదు. వేలు మాత్రం ఒక్కొక్క వరసా దిగుతా ఉంది, నిజంగా చదివేవాని వేలు లాగా.

అందరూ చప్పట్లు కొట్టినారు. అవ్వ ఏడ్చింది. అప్పుడు ఎట్లా చెప్పేది పాపా, నాకు రాలేదు అని?

తరవాతి ఏడు నాకు నిజంగానే చదువు వచ్చింది. నీకు ఉత్తరాలు రాసి రాసి వచ్చింది. రెండుసార్లు సెలవుకు వచ్చినాను గదా, ఒక్కసారి కూడా ఆ రాయి దగ్గరికి పోలేదు. పొట్టల్ చుట్టి, కాలువ గట్టు మీద పోయినాను. అక్కడ ఏముందో చూసేదానికి నాకు భయం.

ఆ రోజు నువ్వు ఇంట్లోనే ఉండి ఉంటావు, గుంపంటే నీకు పడదు. నా కూతురు నన్ను అట్లా చూడలేదు, అంతవరకు మేలు అనుకుంటా ఉంటాను.

నువ్వు రాసి పంపింది చదివినాను. ఒక్క అక్షరం కూడా ఆగకుండా చదివినాను. ఏడుగురు పోయినారు అనేచోట ఆగినాను. అది ఒత్తువల్ల కాదు.

ఉన్నది ఉన్నట్టు చదువు. నన్ను గురించి అడిగితే, మా నైనాకు ఆ రోజు చదవను రాదు అని చెప్పు. తగ్గించి చెప్పవద్దు. పసుపు మీదికి తొయ్యవద్దు. అది అవ్వ పసుపు.

సంగిలికి చెప్పు, తప్పు నాదే, నేను దూరంగా ఉంటే అది దూరం అయిపోదు అని.

నేల పోతే పోనీ. నీ నోట్లోనుంచి నా మాట రావద్దు.

నైనా


రాజపాళయం,
జూలై 26, శనివారం

ప్రియమైన నైనాకు,

మీ ఉత్తరం పద్దెనిమిదిన వచ్చింది. ఆ రాత్రి అవ్వకు, అమ్మకు చదివి వినిపించాను. మామిడి వరుగులు మీకు ఎప్పుడు పంపాలి అని అమ్మ అడిగింది. అవ్వ వెళ్ళి పడుకుంది.

సోమవారం పదిన్నరకు మేడమ్ వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీ వేస్తే కూర్చోలేదు, గుడ్డల మధ్య నడిచి చూశారు. చెట్టియార్ గొడుగు వేసుకొని గట్టు మీద నిలబడ్డారు. వినోత్ బోర్డు పక్కన, ఇస్త్రీ చొక్కాలో. మన వీధంతా ఉంది. అవ్వ రాయి పక్కన కూర్చుంది.

నీళ్ళు తాగాను. స్కూల్లో సిస్టర్ చెప్పేవారు, గుంపును చూస్తే భయం వేస్తుంది, ఎదురుగోడను చూసి చదువు అని. పొట్టల్‌లో గోడ లేదు. కొండను చూశాను. రాయి మీద ఉన్నది నాకు అప్పటికే నోటికి వచ్చు. అయినా వంగి, వేలు పెట్టి, అక్షరం అక్షరం చదివాను. తరువాత మేడమ్ కోసం తమిళంలో చెప్పాను.

'తన నేలలో' అన్నప్పుడు మనవాళ్ళలో కదలిక వచ్చింది. నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

వినోత్ గట్టిగా అన్నాడు, "ఏం టీచరమ్మా, మీ నైనా చదివినప్పుడు సూర్యచంద్రులు ఉండినారే! ఇద్దరూ ఒకేసారి అస్తమించినారా?"

కొంతమంది నవ్వారు. నేను చెప్పాను, "ఆ రోజు మా నైనాకు చదవను రాదు. ఇప్పుడు వచ్చు. ఇది ఆయన కూడా చదివి చూశారు." మీ ఉత్తరం చేతిలో ఉంది. తెరవలేదు. మడతలోనే పట్టుకున్నాను.

సంగిలి మామ నేల చూశారు. తరువాత ఒక్కసారిగా తొడ చరిచి నవ్వారు. "ఆరేళ్ళు! ఆరేళ్ళు మనల్ని ఏమార్చినాడే శంకరలింగం! నేను ఆ దినం వానికి మాల కూడా వేసినానే!" తంగమ్మాళ్ అత్త, "వేసింది నువ్వు, కొన్నది నేను," అంది. అప్పుడు వీధంతా నవ్వింది నైనా. మీరు ఉండుంటే మీరూ నవ్వేవారు.

నవ్వనిది చెట్టియార్ ఒక్కరే. గొడుగు ముడిచి దిగి వచ్చారు.

"ఆ పేరు ఇంకొకసారి చదువు తల్లీ."

"అంగడి వెంగప్ప చెట్టి."

"మా అంగడి బోర్డు మీద ఇనిషియల్ 'వె' అని ఉంటుంది. అది ఎవరి పేరని మా నాయనకు కూడా తెలీదు." ఆయన వేలు ఆ అక్షరాల మీద పెట్టారు. ఎక్కడ పెట్టాలో నేను చూపించాను. "మావాళ్ళు గాని అన్నాడా? మావాళ్ళు గాని?"

"అవునండి. మావాళ్ళు గాని పైవాళ్ళు గాని."

మేడమ్‌కు వీటితో పని లేదు. రాయి ఆధారం కాదు, కాగితం కావాలి అన్నారు. కానీ ఒకటి అడిగారు. "వాగు అంటున్నారు. ఇక్కడ వాగు ఎక్కడ ఉంది?"

కంపెనీ ప్లానులో వాగు లేదు. సర్వేయర్ తల అడ్డంగా ఊపారు. అప్పుడు అవ్వ లేచింది.

"నేను పెండ్లి చేసుకొని వచ్చిన ఏడు ఈడ మేకలు కొట్టుకొని పోయినాయి తల్లీ. పదకొండు. దాంట్లో మూడు మావి."

మేడమ్ పాత సర్వే పటం తీయించారు. జీపు బానెట్ మీద పరిచారు. పొట్టల్ నడుమ రెండు సన్న గీతలు పక్కపక్కనే వెళ్ళాయి. తమిళంలో 'ఓడై', వాగు అని రాసి ఉంది. కంపెనీ ప్లాను దాని మీద పెట్టి చూశారు. ఈత కొలను సరిగ్గా ఆ గీతల మీద ఉంది.

ప్లాను వెనక్కి పంపారు. వాగుకు అటూ ఇటూ ఇళ్ళు కట్టకూడదట. గట్టుకు అవతల కట్టుకోవచ్చు, కొత్త ప్లాను తెస్తారు. గ్రావెల్ దుమ్ము సంగతి విడిగా అర్జీ రాసి ఇవ్వమన్నారు. రాశాను.

నేల మాత్రం మనది కాదు నైనా. అది ఇప్పుడు ఊరందరికీ తెలుసు. చెట్టియార్ వెళ్ళేముందు, "మా పెద్దాయన పశువులు మేయవచ్చు అన్నాడు. గుడ్డలు కూడా ఆరనీ. ఏడాదికి ఒకసారి వచ్చి నన్ను అడగండి, అంతే," అన్నారు. సంగిలి మామ ముఖం నల్లబడింది. "మన నేలలో మనం అడిగి ఆరేసుకునేదా? మంచి చదువు చదివినావు పాపా," అని వెళ్ళిపోయారు. రెండు రోజులు మన అరుగు ఎక్కలేదు. మూడో రోజు వచ్చి, చెట్టియార్‌కు ఆ అడిగే ఉత్తరం ఎట్లా రాయాలో రాసి పెట్టమన్నారు. మర్యాదగా ఉండాలి, మరీ వంగినట్టు ఉండకూడదు అన్నారు. అది ఇప్పటికి మూడుసార్లు రాశాను.

అవ్వ కూడా నాతో మాట్లాడలేదు. నిన్న శుక్రవారం. పసుపు గిన్నె తీసుకొని బయలుదేరితే వెనకాల వెళ్ళాను. రాయి చుట్టూ అంచు వెంబడి పూసింది. అక్షరాల మీద పూయలేదు. వేలికి మిగిలిన పసుపు తన చీరకు తుడుచుకొని అంది, "వానికి రాయి చదవను రాకపోతే పోనీ. నా మాట చదివినాడు గదా. నా కొడుకు." దారిలో నా చెయ్యి పట్టుకుంది.

దీపావళికి రండి. ఈసారి పొట్టల్ చుట్టి వెళ్ళకండి. అడ్డంగా రండి. అందరూ మీకోసం ఎగతాళి సిద్ధం చేసి పెట్టుకున్నారు. సంగిలి మామ మాల డబ్బులు వెనక్కి అడుగుతారట. వరుగులు ఈ పార్సెల్‌లో ఉన్నాయి. అమ్మ కారం తగ్గించింది.

ఎప్పటికీ మీ
జయప్రియ

మీ ఉత్తరంలో ఒకచోట సరిగా లేదు, రాయకుండా ఉండలేను. ఆ రోజు నేను ఇంట్లో లేను. పసుపు కడగడానికి చెంబుతో నీళ్ళు పోస్తూ మీ పక్కన నిలబడింది నేనే. మీరు పంపిన తెలుగు వాచకం నేను చదివి ముగించి అప్పటికి రెండు నెలలు అయింది. ఆ నాలుగో అక్షరం నాకు అప్పుడే వచ్చు.